నాపరాతి యింట నాదము

తాండూరు స్టేషనులో రైలు దిగి ఊరు వెలుపలికి పోవు ప్రయాణికునకు ఎటు చూచినను రాయియే కనబడును. గనుల దరిని కోత యంత్రములు, యంత్రముల ప్రక్కన వరుసలు వరుసలుగా నిలిపిన బండలు, వానిని మోయుటకు ఎదురుచూచు లారీలు. బండలలో కొన్ని నీలి ఛాయ గలవి, కొన్ని పసుపు ఛాయ గలవి. వీనిని జనులు తాండూరు బండలనియు నాపరాళ్ళనియు వ్యవహరింతురు. కోట్లకొలది సంవత్సరముల క్రిందట నీటి అడుగున పేరుకొనిన సున్నపు బురద పొరలు పొరలుగా గట్టిపడి ఈ రాయి యైనది. కావుననే ఉలి ఆనించి సుత్తితో కొట్టిన పలకవలె విడివడును. 1874లో వాడి నుండి వికారాబాదు మీదుగా హైదరాబాదు వైపునకు రైలుమార్గము నడచుటతో దూరదేశములకు పోవుటకు దానికి దారి కలిగెను.

వేసవిలో నాపరాతి నేల చల్లగా నుండును. తుడుచుట సులభము. పాలరాతితో పోల్చిన వెల మిక్కిలి తక్కువ. ఇన్ని సుగుణములుగల ఈ రాతికి ఒక్క అవగుణము కలదు. అది పాటకు పగ.

ఈ మాట వింతగా తోచవచ్చును. క్రొత్తగా కట్టిన ఇంటిలో, సామాను చేర్చకమునుపు, నడిగదిలో నిలిచి ఒక్క చప్పట కొట్టి చూచిన సంగతి తెలియును. చేతులు ఆగినను ధ్వని ఆగదు. గోడనుండి గోడకు, నేలనుండి కప్పునకు తిరుగుచు గింగురుమని కొంతసేపు నిలిచి, పిదప అణగిపోవును. అదే చప్పట అనంతగిరి కొండలమీద అడవి నడుమ కొట్టినచో ఠప్పున వినబడి మాయమగును. మూసీనది పుట్టు ఆ కొండలలో ఆకులును, మెత్తని మన్నును, పైనున్న ఆకాశమును ధ్వనిని తిరిగి పంపవు. నాపరాయి మాత్రము తనకు తాకిన ధ్వనిలో నూటికి రెండు మూడు పాళ్ళు మాత్రమే ఉంచుకొని తక్కినదంతయు తిరుగకొట్టును.

తాండూరు చెంతనున్న ఒక పల్లెలో కంది పండించు కుటుంబము ఒకటి కలదనుకొనుడు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. దాని రుచిని ఎరిగినవారు పలువురు. అయినను పంట ఏడాదికి ఒక్కసారియే చేతికి వచ్చును. ఆ డబ్బు అప్పునకు, విత్తనములకు, పిల్లల చదువునకు పోగా కొంత మిగిలినది. తాతకు పాత సినిమా పాటలు వినవలెనని కోరిక. నానమ్మకు భజనలు కావలెను. ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలికి ఫోనులోని సన్నని గొంతుతో తృప్తి లేదు. అందరును కలిసి ఇంటికొక చిన్న స్టీరియో కొనవలెనని నిశ్చయించుకొనిరి. ఆ సొమ్ము ఒకసారి చేయిజారిన మరల కంది నూర్చువరకు రాదు. కావున ఏది కొనవలెను, ఎట్లు కొనవలెను అనునది ఆ యింటికి చిన్న ప్రశ్న కాదు.

తాత చిన్ననాడు ఇట్టి ప్రశ్నయే లేదు. హైదరాబాదు రాజ్యమున 1935లో రేడియో ప్రసారములు మొదలై దక్కన్ రేడియో అను పేర ప్రసిద్ధి కెక్కెను. 1950లో ఆ కేంద్రము ఆకాశవాణిలో కలిసినది. ఆనాడు పల్లెలో రేడియో ఉన్న ఇల్లు ఒకటో రెండో. సాయంకాలమగుసరికి ఊరివారు ఆ ఇంటి అరుగుమీద చేరెడివారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి ఆరంభమైన పిమ్మట సినిమా పాట గాలిలో తేలి ఇంటింటికి వచ్చెను. తరువాత క్యాసెట్టు వచ్చినది. దానిని ఫిలిప్స్ సంస్థవారు 1963లో వెలువరించిరి. తెలంగాణ పల్లెలనుండి గల్ఫు దేశములకు బ్రతుకుతెరువునకు పోయినవారు తిరిగివచ్చునపుడు చేతిపిడిగల టేపురికార్డరులు తెచ్చెడివారు. 1982లో కాంపాక్టు డిస్కు వచ్చెను. నేడు పాటలన్నియు ఫోనులో నిమిడినవి. పాట దొరుకుట సులభమైనది. పాట బాగుగా వినబడుట మాత్రము అంత సులభము కాలేదు.

స్టీరియో అనగా పెద్ద ధ్వని యని పెక్కుమంది తలంతురు. అది పొరపాటు. స్టీరియో మర్మము చెవులలో ఉన్నది.

మనుష్యునకు చెవులు రెండు. కుడివైపున కోయిల కూసిన ఆ కూత మొదట కుడిచెవికి చేరి, తలను చుట్టి ఎడమచెవికి కొంచెము ఆలస్యముగా పోవును. ఆ ఆలస్యము సెకనులో వెయ్యవ వంతుకంటెను తక్కువ. అంతియే కాదు, తల అడ్డమగుటచేత ఎడమచెవికి చేరు ధ్వని కొంచెము నీరసించును. ఇంత సూక్ష్మమైన భేదమును మెదడు పసిగట్టి కోయిల ఏ కొమ్మమీద నున్నదో చెప్పును. ఒకే పెట్టెనుండి ధ్వని వచ్చినపుడు ఈ భేదమునకు చోటు లేదు. వీణయు, మృదంగమును, పాడువారును అందరు ఒకే కిటికీలోనుండి తొంగిచూచుచున్నట్లుండును.

ఈ సంగతి చాలకాలము క్రిందటనే బయటపడెను. 1881లో పారిసు నగరమున విద్యుత్ ప్రదర్శనము జరిగినపుడు క్లెమాఁ అడేర్ అను ఫ్రెంచి యంత్రవేత్త నాటకశాల వేదికపై శబ్దగ్రాహకములను వరుసగా అమర్చి, తీగల ద్వారా దూరపు గదిలోని టెలిఫోనులకు పాటను పంపెను. ఒక్కొక్క చెవికి ఒక్కొక్క టెలిఫోను ఆనించుకొని వినినవారు, నటులు వేదికమీద ఇటునుండి అటు నడచుచున్నట్లు తోచుటకు ఆశ్చర్యపడిరి. యాబది సంవత్సరముల పిమ్మట, 1931లో, ఆలన్ బ్లుమ్లిన్ అను ఆంగ్ల ఇంజనీరు భార్యతో సినిమాకు పోయెనట. తెరమీద నటుడు ఒక ప్రక్క నుండగా మాట మరియొక ప్రక్కనుండి వచ్చుట ఆయనకు రుచింపలేదు. దానికి తాను ఉపాయము కనుగొందునని భార్యతో చెప్పి, ఆ సంవత్సరము డిసెంబరులోనే పేటెంటునకు దరఖాస్తు పెట్టెను. రెండు శబ్దగ్రాహకములు, ఒకే గాడిలో రెండు ధ్వనులను చెక్కు రికార్డు, రెండు స్పీకరులు అన్నియు అందులో కలవు. 1942లో రాడారు పరీక్షకై పోయిన విమానము కూలి ఆయన మరణించెను. ఆయన ఊహించిన స్టీరియో రికార్డులు అంగళ్ళకు వచ్చుటకు 1958 వరకు పట్టినది. దానిని చూచుటకు ఆయన లేడు.

కావున రెండు స్పీకరుల నడుమ ఎడము ఉండవలెను. ఇది తెలిసిన మీదట అంగడిలోని సగము వస్తువులు వానియంతట అవియే తప్పుకొనును. మూరెడు పొడవైన ఒక్క పెట్టెలో రెండు స్పీకరులను బిగించి పైన స్టీరియో అని వ్రాసి అమ్ముదురు. దానిని బల్లమీద పెట్టి పది అడుగుల దూరమున కూర్చుండిన చెవికి ఆ రెండును ఒకటియే. అట్టిదానిని వంటగదిలో వినుటకు, పొలమునకు తీసికొనిపోవుటకు కొనవచ్చును. దానియందు దోషము లేదు. కాని వీణ ఎడమను, వేణువు కుడిని, గాయకుడు నడుమను వినబడవలెననిన విడివిడిగా రెండు పెట్టెలుండు సెట్టు కావలెను. స్పీకరుల నడుమ ఆరేడు అడుగులు, వాని నుండి వినువారికి అంతే దూరము ఉండునట్లు ముక్కోణముగా అమర్చినపుడే స్టీరియో తన విద్యను చూపును.

పెట్టెలోపల ఏమున్నదో తెలిసికొనుట కష్టము కాదు. స్పీకరు వెనుక ఒక అయస్కాంతము, దాని నడుమ సన్నని తీగచుట్ట, చుట్టకు అతికిన కాగితపు శంకువు ఉండును. తీగలో విద్యుత్తు పారిన చుట్ట అయస్కాంతమగును. ముందుకు వెనుకకు కదలి శంకువును కదలించును. శంకువు గాలిని కదలించును. 1925లో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు అమెరికను ఇంజనీరులు వివరించిన పద్ధతి యిదియే. నేటికిని స్పీకరులలో చాలవరకు దీని సంతతియే. శంకువు పెద్దదైన మృదంగపు గుమికి వంటి మంద్రస్వరములు బాగుగా పలుకును. దానిని ఊఫరు అందురు. తాళముల గలగల వంటి తారస్వరములకు చిన్నదియు తేలికయు అగు ట్వీటరు కావలెను. అయిదంగుళముల శంకువు ఎంత మంచిదైనను లోతైన మంద్రమును నిండుగా ఇయ్యలేదు, ఏలయన అది కదలింపగల గాలి కొద్ది. అందుకే కొన్ని సెట్లతో సబ్‌ఊఫరు అను మూడవ పెట్టెను ఇత్తురు. అది ఒక్కటియే చాలును. మంద్రస్వరము ఏ దిక్కునుండి వచ్చుచున్నదో చెవి అంతగా పోల్చుకొనలేదు.

కొనువారు ఎక్కువగా మోసపోవునది వాట్ల లెక్కలో. తండ్రియు కూతురును అంగడిలో ప్రవేశించిరనుకొనుడు.

“సేటు, దీని పవరెంత?” అని తండ్రి అడిగెను.

“రెండువేల వాట్లన్నా! ఊరంత ఇనబడ్తది.”

కూతురు సెట్టును మెల్లగా వెనుకకు త్రిప్పి చూచెను. వెనుక అతికిన చిన్న పట్టీమీద అది ఇంటి కరెంటునుండి తీసికొనునది 40 వాట్లని వ్రాసియున్నది.

“నాయినా, నలభై వాట్లు తినేది రెండువేల వాట్లు ఎట్లిస్తది?” అని ఆమె అడిగెను.

సేటు నవ్వి వేరొక పెట్టెను దింపెను.

ఆ బాలిక అడిగినది భౌతికశాస్త్రమున మొదటి పాఠము. శక్తి శూన్యమునుండి పుట్టదు. రెండువేల సంఖ్యకు పి.ఎం.పి.ఓ. అని పేరు. కనుమూసి తెరచునంతలో కలుగు ఉద్రేకపు శక్తిని, ఎవరి లెక్క వారిదిగా, కొలిచి అచ్చువేయు సంఖ్య అది. ఎడతెగక ఇయ్యగల శక్తిని ఆర్.ఎం.ఎస్. వాట్లలో చెప్పుదురు. పోల్చి చూచుటకు పనికివచ్చునది ఇదియే.

అయినచో ఎన్ని వాట్లు కావలెను? ఇంటికి కావలసినవి ఆశ్చర్యము కలిగించునంత తక్కువ. స్పీకరుకు ఒక్క వాటు ఇచ్చినపుడు ఒక మీటరు దూరమున ఎంత ధ్వని కలుగునో దానిని ఆ స్పీకరు గ్రహణశక్తి యందురు. చిన్న స్పీకరులకు అది 86 డెసిబెల్‌లకు అటునిటుగా ఉండును. మూడు మీటర్ల దూరమున కూర్చుండిన అది 76 దాకా తగ్గును. ఇద్దరు ఎదురుగా కూర్చుండి మాటలాడుకొను ధ్వని 60 డెసిబెల్‌ల పాటిది. అనగా ఒక్క వాటుతోనే పాట మాటను మించినది! వాట్లను రెట్టించిన పెరుగునది మూడు డెసిబెల్‌లు మాత్రమే. చెవికి ధ్వని రెట్టింపుగా తోచవలెననిన వాట్లు సుమారు పదింతలు కావలెను. కావున 20 వాట్ల సెట్టునకును 40 వాట్ల సెట్టునకును భేదము వెలలో కనబడినంత చెవిలో కనబడదు. పల్లెటూరి గదికి ఒక్కొక్క స్పీకరునకు నిజమైన 15, 20 వాట్లు లభించిన చాలును. అంతకంటె ఎక్కువకు పెట్టు డబ్బును మంచి స్పీకరునకు పెట్టుట మేలు.

తక్కువ శక్తిగల సెట్టును మీట చివరివరకు త్రిప్పి వాయించుటయు మంచిది కాదు. ఆంప్లిఫయరు తన శక్తికి మించి ఇయ్యబోయినపుడు తరంగముల శిఖరములు తెగి, పాట బొంగురుపోవును. ఆ తెగిన తరంగములు ట్వీటరును కాల్చివేయును. పెండ్లి పందిళ్ళలో మైకులు పాడగునది తరచుగా ఇట్లే.

దుకాణములో ఏ పాట వినిపించినను బాగుగానే ఉండును. చుట్టును అట్టపెట్టెలు, గుమిగూడిన జనులు, తెరచిన వాకిలి ఉండుటచే గది ధ్వనిని మింగుచుండును. కావున తమకు బాగుగా తెలిసిన పాటను ఫోనులో పెట్టుకొనిపోయి వినుట ఉత్తమము. ఒక్క గొంతు, ఒక్క వాద్యము గల పాట కావలెను. పెద్ద మేళమున లోపములు దాగును. ఒంటి గొంతులో దాగవు. పాడువారి మాట స్పష్టముగా తెలియవలెను. స, శ అను అక్షరములు చెవికి గ్రుచ్చుకొనరాదు. తగ్గు స్థాయిలో పెట్టినపుడు కూడ మృదంగము పూర్తిగా మాయమై పోరాదు. తాతను వెంట తీసికొనిపోవుట ఒక మంచి ఆలోచన. వయసు మీరిన చెవికి తారస్వరములు అందుట తగ్గును గనుక, మనుమరాలికి కటువుగా తోచినది ఆయనకు హాయిగా ఉండవచ్చును. ఇద్దరికిని సరిపడవలెననిన ధ్వనిని సవరించు మీటలుండవలెను.

వికారాబాదు, తాండూరు పట్టణములలో లభించునవి చాలనియెడల రైలెక్కి హైదరాబాదు పోవువారు కలరు. కోఠిలోని గుజరాతీ గల్లీ ఇట్టి వస్తువులకు చాలకాలముగా పేరుపొందినది. పాత సెట్లను కొనుటయు తప్పు కాదు. మంచి పాత ఆంప్లిఫయరు క్రొత్త చవుకసెట్టు కంటె మేలు కావచ్చును. కాని పాత స్పీకరులలో శంకువు అంచున ఉండు నురుగు పట్టీ పదునైదు ఇరువది ఏండ్లకు పొడియై రాలిపోవును. వ్రేలితో మెత్తగా నొక్కి చూడవలెను. ఎక్కడ కొనినను బాగుచేయువాడు సమీపమున ఉన్నాడా అని విచారింపవలెను. రసీదు పుచ్చుకొనుట మరువరాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము లోపమున్న వస్తువును గురించి రెండు సంవత్సరములలోగా జిల్లా కమిషనునకు ఫిర్యాదు చేయవచ్చును. రసీదు లేనివాని మాట అక్కడ నిలుచుట కష్టము.

ఫోనునుండి తీగ లేకయే పాటను పంపు బ్లూటూతు నేడు సామాన్యమైనది. అది పాటను కుదించి పంపును; కొంత నష్టము కలుగును గాని చిన్న సెట్టులో అది చెవికి తెలియుట అరుదు. తీగ తగిలించు రంధ్రము కూడ ఉండిన టీవీని, పాత టేపురికార్డరును కలుపుటకు పనికివచ్చును. రేడియో ఉన్న మరియు మంచిది. నగరమునుండి దూరమున ఎఫ్.ఎం. కేంద్రము బలహీనముగా అందినపుడు స్టీరియోలో సుయ్యిమని రొద వినబడును. అప్పుడు మోనోకు మార్చిన రొద చాలవరకు తగ్గును. రెండు ధ్వనులను వదలుకొని ఒక్క స్వచ్ఛమైన ధ్వనిని పొందుట అన్నమాట.

వికారాబాదు జిల్లాలో రేడియో తరంగముల ప్రస్తావన వచ్చినప్పుడు దామగుండము తలపునకు వచ్చును. పూడూరు మండలములోని ఆ అడవిలో నౌకాదళపు రేడియో కేంద్రమునకు 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగెను. అడవి చెట్లను గురించి అప్పుడు పెద్ద చర్చ నడచినది. ఆ కేంద్రము వాడు తరంగములు సెకనుకు 3,000 మొదలు 30,000 సార్లు కంపించునవి. మనుష్యుని చెవి వినగల ధ్వనులును సెకనుకు 20 మొదలు 20,000 కంపనములు గలవియే! సంఖ్యలు కలిసినను వస్తువులు వేరు. రేడియో తరంగము సెకనుకు మూడులక్షల కిలోమీటర్లు పోవును గనుక 20,000 కంపనముల తరంగము పొడవు 15 కిలోమీటర్లు. ధ్వని సెకనుకు 350 మీటర్లే పోవును గనుక అంతే కంపనముల ధ్వనితరంగము రెండు సెంటీమీటర్లయినను ఉండదు. ఒకటి సముద్రగర్భమున నున్న జలాంతర్గామికి వార్త చేర్చును. మరియొకటి చెవి తమ్మెకు తగిలి ఆగును.

సెట్టు ఇంటికి వచ్చినది. దుకాణములో అంత చక్కగా పాడినది ఇంటిలో గుంయిమనుచున్నది. మాటపై మాట పడుచున్నది. మోసపోయితిమేమో యని తండ్రి చింతించెను. దోషము సెట్టుది కాదు, నాపరాతిది.

ఈ చిక్కు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున ఒకప్పుడు ఏర్పడెను. 1895లో ఫాగ్ ప్రదర్శనశాలలో క్రొత్తగా కట్టిన ఉపన్యాస మందిరమున మాట ఒక్కటియు తెలియకుండెను. పలికిన పలుకు అయిదు సెకనులకు పైగా మందిరములో నిలిచియుండెడిది. దీనిని చక్కజేయుటకు వాలెస్ సబీన్ అను ఇరువదియేడేండ్ల అధ్యాపకుని నియమించిరి. ఆయన పగటి సద్దు అణగినపిమ్మట రాత్రివేళ పని చేసెడివాడు. ప్రక్కనున్న నాటకశాలనుండి కుర్చీమెత్తలను మోయించి తెచ్చి, కొన్ని కొన్నిగా మందిరమున పరచుచు, ఆర్గను గొట్టము నూది, ధ్వని ఎంతసేపటికి అణగునో గడియారముతో కొలిచెడివాడు. తెల్లవారకమునుపే మెత్తలను తిరిగి చేర్పించెడివాడు. ఇట్లు ఎన్నో రాత్రులు గడచిన మీదట గది ఘనపరిమాణమునకును, దానిలోని ధ్వనిని పీల్చు వస్తువులకును గల సంబంధము ఆయనకు దొరకెను. తెరచిన కిటికీనుండి పోయిన ధ్వని తిరిగిరాదు గనుక, ఆయన కిటికీనే కొలబద్దగా గైకొనెను.

ఆ లెక్కను తాండూరు ఇంటికి వర్తింపజేయవచ్చును. గది పొడవు 4 మీటర్లు, వెడల్పు 3, ఎత్తు 3. ఘనపరిమాణము 36 ఘనపు మీటర్లు. నేల, కప్పు, గోడలు కలిపి 66 చదరపు మీటర్లు. నూటికి మూడు పాళ్ళు పీల్చుననుకొనిన అది రెండు చదరపు మీటర్ల తెరచిన కిటికీతో సమానము. 36ను 0.161తో గుణించి రెండుతో భాగించిన వచ్చునది 2.9. అనగా ధ్వని అణగుటకు ఇంచుమించు మూడు సెకనులు పట్టును. మూడు సెకనులలో గాయకుడు పది అక్షరములు పలుకును. ఆ పదియు ఒకదానిపై నొకటి పడి కలగాపులగమగును.

రెండు చదరపు మీటర్ల తలుపు ఒకటి తెరచిన పీల్పు రెట్టింపై, కాలము సగమగును. ఒక్క పైసయు ఖర్చు లేదు. మంచముమీద దూదిపరుపు, నేలమీద ఒక గొంగడి, కిటికీకి మందపు తెర, కూర్చుండి వినుచున్న నలుగురు మనుష్యులు, వీనినన్నిటిని కలుపుకొనిన పీల్పు పది చదరపు మీటర్లకు చేరును. ధ్వని అర సెకనుకు కొంచెము పైన అణగును. దానిని మించిన చక్కని గది ఇంటిపాటకు అక్కరలేదు. కురుమలు నేయు నల్లగొంగడి ఉన్నిలో లెక్కలేనన్ని సందులు కలవు. ధ్వని ఆ సందులలో దూరి, గాలి రాపిడిచేత వేడిమిగా మారి నశించును. పత్తి ఏరిన దినములలో పత్తి నింపిన గదిలోనికి పోయి పిలిచిన పిలుపు పొడిగా, దగ్గరగా వినబడుట పల్లెపిల్లలు ఎరిగినదే. అదియును ఇదే కారణమున.

గొంగడి పరచిన పిమ్మట మనుమరాలు మరల చప్పట కొట్టి చూచెను. గింగురు చాలవరకు పోయినది. అయినను పాట పలుచగా ఉన్నది. మృదంగము వినబడుట లేదు. ఆమె తీగలను చూచెను. ఎడమ స్పీకరునకు ఎర్రతీగ ఎర్రదానికి, నల్లతీగ నల్లదానికి తగిలించిరి. కుడి స్పీకరునకు తారుమారు చేసిరి. అందుచే ఒక శంకువు ముందుకు వచ్చునపుడు రెండవది వెనుకకు పోవుచు, ఒకటి త్రోసిన గాలిని రెండవది లాగుకొనుచున్నది. పొడుగు తరంగములు గల మంద్రస్వరములు దీనివలన ఒకదానినొకటి చంపుకొనును. కొనిన వస్తువు చెడినదని తిరిగి మోసికొనిపోవువారిలో ఈ తప్పు చేసినవారును కొందరు ఉందురు. తీగలు సరిచేయగానే మృదంగము నడుమకు వచ్చి కూర్చుండెను.

మంద్రము మరీ ఎక్కువై బొయ్యిమనిన పెట్టెలను గది మూలనుండి ఒక మూర ఇవతలికి జరుపవలెను. మూలలోని మూడు తలములును మంద్రమును పెంచును. తక్కువైన మూలకు చేర్చవలెను. పెట్టెలను నేలమీద కాక, కూర్చున్నవారి చెవియెత్తున బల్లమీద ఉంచుట మేలు.

తాత నడుమ కూర్చుండి కన్నులు మూసికొని వినుచుండెను. “వయొలిను ఆ ప్రక్కన ఉన్నది, బిడ్డా” అని గోడవైపు చూపెను. అక్కడ గోడయే గాని స్పీకరు లేదు. రెండు పెట్టెలు కలిసి గాలిలో కల్పించిన చోటది.

రాత్రి పది గంటలైనది. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ప్రకారము నివాసప్రాంతమున పగటివేళ 55, రాత్రివేళ 45 డెసిబెల్‌లు హద్దు. రాత్రి యనగా పదినుండి ఆరు వరకు. పక్కింటిలో పరీక్షకు చదువుకొను పిల్లవాడొకడు కలడు. మనుమరాలు లేచి, ధ్వని పోవుటకు తెరచియుంచిన తలుపును మూసి, మీటను సగమునకు త్రిప్పెను.